కుర్మయ్య దమ్ము

ఉగాది వెళ్ళిన మూడో రోజు మా నాయిన తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి హార్మోనియం మెట్ల మీద పెట్టి, అది వాయిస్తుందేమోనని చాలాసేపు చూశాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. చూడకూడనిది చూస్తున్నానని తెలిసీ కదల్లేదు. ఆ వేళ్ళూ కదల్లేదు. కాసేపటికి ఆయన ఆ చేతిని, ఎవరినో అడిగి తెచ్చుకున్న వస్తువులాగా జాగ్రత్తగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత వేశాడు.

పుష్యమాసంలో పక్షవాతం వచ్చింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో తొమ్మిది రోజులున్నాడు. మాట తిరిగొచ్చింది, నడక సగం వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "అప్పుడప్పుడు మరుపు ఉండొచ్చు, కంగారు పడకండి" అన్నాడు. మా అమ్మ లలితమ్మ దవాఖాన నుంచి ఆ ఒక్క మాటనే ఇంటికి తెచ్చుకుంది. ఆయన కళ్ళద్దాల కోసం తడుముకుంటే చాలు, నా వైపు చూసేది.

మా ఊరు ఉప్పునుంతలకు దగ్గర. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది ఏడాదిలో ఎనిమిది నెలలు పుణె దిక్కు, బొంబాయి దిక్కు కూలికి పోతారు. ఎండాకాలం తిరిగొస్తారు. మిరుగు వానలు, అంటే మృగశిర కార్తె వానలు, పడేలోపల పాటలతో ఒక నాటకం ఆడతారు; దాన్నే ఆట అంటాం. ముప్పై ఏళ్ళుగా ఆ ఆట రాసేదీ నేర్పేదీ మా నాయిన మాసయ్య. ఆయనా ఒకప్పుడు వాళ్ళతో తట్ట మోసినవాడే. అయినా ఊరంతా మాస్టరు అంటుంది.

ఆ ఏడు రాస్తున్నది వలసపోయిన రాజు కథ. కరువొస్తుంది. రాజు కోటకు తాళం వేసి, జనంతో పాటు తట్టా పారా పట్టుకుని పరదేశం కూలికి పోతాడు. అక్కడ అతను రాజని ఎవరికీ తెలియదు. చెప్పుకున్నా నమ్మరు. రాజు కోట గుమ్మం దాటేవరకు నోటుబుక్కులో నాయిన రాత ఉంది. ఆ తర్వాత తెల్ల కాగితాలు.

"ఆట లేకుంటె ఈయన మంచం దిగడురా కిరణ్," అంది అమ్మ. "సదువుకున్నోనివి. ఏదన్నొకటి చెయ్యి."

నాకు నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపుంది. దరఖాస్తులు, ఆధార్ కార్డులు, జిరాక్సులు. రెండేళ్ళుగా నాయిన ఆటలు నేనే టైపు చేసి, ఎవరి వేషం మాటలు వాళ్ళకు విడివిడిగా ప్రింటు తీసి ఇస్తున్నాను. ఆటతో నాకున్న సంబంధం అంతే. పదేళ్ళప్పుడు నాకు తాళం నేర్పబోయి, నాలుగో రోజు వాకిట్లో అందరి ముందరా అన్నాడు: "వీనికి చెవి లేదు. పోనీ, చేతిరాత మంచిగున్నది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పద్దెనిమిదేళ్ళయింది. ఆ నవ్వు ఇంకా నా మొహం మీదే ఎక్కడో ఉంది.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, ఆయన పద్నాలుగు నోటుబుక్కులూ పేజీ పేజీ ఫోటో తీశాను. ఫోన్లో ఏఐకి ఇచ్చి, ఈ మనిషి రాసినట్టే మిగతా ఆట రాయమన్నాను. లామినేషన్ మిషను వేడెక్కేంత సేపట్లో రాసేసింది. పనికిరాలేదు. రాజు బడిపుస్తకంలో రాజులా మాట్లాడాడు. మా దిక్కు మాట ఇది కాదని తిట్టి మళ్ళీ రాయించాను. మళ్ళీ. ఒక దరువు తీసేసి, ఒకటి ఉంచి, దీని చరణం దానికి అతికించి, మరొకటి అడిగి. పది రోజులు ఆ పని చేశాను. దరఖాస్తు కోసం వచ్చినవాళ్ళను రేపు రమ్మనేవాణ్ణి. ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా నాకు ఆకలి వేళకు ఆకలి గుర్తు రాలేదు. అలాంటి సుఖం నేను అంతకుముందు ఎరగను. ఆఖరి రోజు రాజు పాట వచ్చింది.

కోట విడిచి కొలువు విడిచి కొడుకుబిడ్డల మొకము విడిచి
కొరివిలాంటి ఎండలోన కూలినైతి నేలతల్లీ

అది చదివి, షాపులో ఒక్కణ్ణే ఉండి కూడా, లేచి నిలబడ్డాను.

'నాయినా, ఇది ఫోన్ల రాయించిన, జర చూడు.' ఇంటికి పోయి అనవలసిన మాట అదే. బస్సులో దారిపొడవునా దాన్నే సిద్ధం చేసుకున్నాను. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందు చదివి, తర్వాత చెబుదామనుకున్నాను. చదివాను. తాళం రానివాణ్ణి కనుక ఉత్తరం చదివినట్టు, మధ్యమధ్యలో ఆగుతూ చదివాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఎడమచేతి బొటనవేలు ఒకసారి కదిలింది.

"ఆగు. మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"గిది నేనెప్పుడు రాసిన్రా?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. నా నోరు తెరిచే ఉంది.

"కార్తీకంల. టైపుకిచ్చినవు గద."

"ఇచ్చిన్నా?"

"ఇచ్చినవు."

ఆయన నవ్వాడు. జబ్బు పడ్డాక నోరు ఒకవైపుకే నవ్వుతుంది. ఆ రోజు రెండోవైపు కూడా కొంచెం కదిలిందని నాకనిపించింది. "యాదికి లేదు గని, చెయ్యి నాదేరా. గిది నా పాత చెయ్యి. మీ అమ్మను చేసుకున్న కొత్తల రాసినట్టున్నది. ఏమే, విన్నవా? మల్ల వచ్చిందే నా చెయ్యి!"

"విన్న, విన్న," అంది అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "లేచి తానం చెయ్యి ఇగ."

రోజూ సాయంత్రం రెండు పేజీలు చదివాను. చదివిన ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకునేవాడు. నేను ఆ మొహాన్నే చూసేవాణ్ణి.

వైశాఖంలో బడికి సెలవులిచ్చాక బడి వసారాలో నేర్పడం మొదలైంది. మొదటి రోజు మా నాయినది ఒక పద్ధతి. ఎవరికీ కాగితం ఇవ్వడు. ఒక్కొక్కణ్ణి ఎదురుగా నిలబెట్టి, గుక్క తిప్పుకోకుండా 'ఆ' అని సాగదీయమంటాడు. మూసిన హార్మోనియం మీద బొటనవేలితో దెబ్బ వేస్తూ లెక్క పెడతాడు. ఎన్ని దెబ్బలకు గుక్క ఆగితే అన్ని దెబ్బల దమ్ము. ఎక్కడా రాసుకోడు. నా చిన్నప్పటి నుంచి ఇది చూస్తున్నాను. కొబ్బరికాయ కొట్టడం లాంటిది, శుభానికి చేస్తాడనుకునేవాణ్ణి.

శ్రీనాథ్ అని అచ్చంపేటలో డిగ్రీ చదివే పిల్లగాడు పదిహేడు దెబ్బలు సాగదీసి ఈల వేయించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా రాజు వేషం వేసే కుర్మయ్య మామ తువ్వాల తలకు చుట్టుకుని నిలబడ్డాడు. ఆయనది ఏడు.

"పోయినేడు గూడ ఏడే," అన్నాడు నాయిన. "ఖాయం జేసినవు కుర్మన్నా."

"నీ ముందల తగ్గుత నేను?" అన్నాడు కుర్మయ్య, ఛాతీ పట్టుకుని నవ్వుతూ.

మొదటి సగం వారం రోజుల్లో కుదిరింది. అది నాయిన చేత్తో రాసింది. రాజు "కోట మీది" అంటాడు, వెనక వంతవాళ్ళు "కోట మాది, రాజు మాది" అని అందుకుంటారు. రాజు "మన్ను నాది" అంటాడు, వాళ్ళు అందుకుంటారు. కుర్మయ్య చూపుడువేలు ఎత్తి అలా రెండు మాటలు అంటే వసారా అంతా నిశ్శబ్దమయ్యేది.

ఎనిమిదో రోజు కుర్మయ్యకు నా కాగితం వచ్చింది. నా కాగితం అనే రాస్తున్నాను. అప్పటికి నాకు అలాగే అనిపిస్తోంది.

పొద్దు వాలుతోంది. నాయిన బొటనవేలు మూత మీద మొదలైంది. కుర్మయ్య అందుకున్నాడు. కోట విడిచి, కొలువు విడిచి. 'కొడుకుబిడ్డల' దగ్గర గొంతు సన్నబడింది. 'మొకము' దగ్గర తెగింది. దగ్గాడు. చెయ్యి ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా ముందే తెగింది. మూడోసారి పాట రాలేదు, దగ్గే వచ్చింది. స్తంభం పట్టుకుని వంగిపోయాడు.

"రాజుకు జర ఆక్సిజన్ పెట్టుండ్రి మాస్టరు!" అన్నాడు శ్రీనాథ్. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వారు.

నాయిన బొటనవేలు ఆగలేదు. ఒక్కడే, పాట లేకుండా, ఆ రెండు పాదాలూ చివరిదాకా దెబ్బలు వేశాడు. అప్పుడు ఆపాడు.

"కుర్మన్నా. నీవి ఏడు."

"ఈ దినం బాగలేదు మాస్టరు. బీడి తాగొచ్చిన."

"నీవి ఏడు. నేను పదహారు రాసిన."

"రేపు మంచిగ చెప్త, చూడు."

నాయిన కాగితం అడిగి తీసుకున్నాడు. ఎడమచేత్తో పట్టుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వసారాలో పన్నెండు మంది ఉన్నారు. అందరూ నన్నే చూశారు.

"గిది నేనే రాసిన్నా, కిరణ్?"

"నువ్వే నాయినా."

ఆయన తల ఊపాడు. కాగితాన్ని మడవబోయాడు. ఒంటిచేత్తో కుదరలేదు. మోకాలి మీద పెట్టి నొక్కి, శ్రీనాథ్ వైపు చాచాడు. "నువ్వు చెయ్యి బిడ్డా, రాజు వేషం." కుర్మయ్య తల మీది తువ్వాల విప్పి, దులిపి, తన చేత్తోనే శ్రీనాథ్ తలకు చుట్టాడు. ఎవరూ నవ్వలేదు.

షాపు మూసి రావడానికి ఆటో కోసం నేను రోడ్డు మీదికి వస్తుంటే కుర్మయ్య వెనకనే వచ్చాడు. కొంతసేపు ఊపిరి తీసుకున్నాడు.

"గా పాట మీ నాయిన రాయలే."

నేను ఆటో వచ్చే దిక్కు చూశాను.

"పరేషాన్ గాకు, ఎవ్వనికి జెప్ప. నా దమ్ము పదహారుండె, పెండ్లైన కొత్తల. పుణెల కంకర మిషన్ కాడ దుమ్ము తిన్న. పన్నెండైంది, తొమ్మిదైంది, ఏడైంది. ఏటేట మీ నాయిన గంతకు గంత మాట తగ్గించుకుంట వచ్చిండు. పాట తోక వంతోళ్ళకిచ్చిండు. ఊరోళ్ళేమన్నరు? ముసలితనంల కుర్మయ్యకు రాజు ఠీవి వచ్చింది, తక్వ మాట్లాడ్తుండు అన్నరు. నాకు దమ్ము లేదని ఒక్కనికి తెల్వలే. నా పెండ్లానికి గూడ తెల్వలే. గసొంటోడు నాకు పదహారు రాస్తడా?"

"ఫోన్ రాసింది మామా. పాత పుస్తకాలన్ని ఇచ్చిన దానికి."

"గదీ సంగతి. పాత పుస్తకాలల్ల నేను పోరగాన్ని." అతను నవ్వాడు, నవ్వు దగ్గయింది. "ఆయనకు జెప్పు. తిడ్తడు. చెప్పు తీసుకొని కొడ్తడు. కొట్టనియ్. గని మతి పోయిందనుకొని బత్కద్దు బిడ్డా. గట్ల బత్కద్దు మనిషి."

"చెప్త మామా."

"ఈ దినమే."

"ఈ దినమే."

చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అమ్మ దగ్గరే కూర్చుని ఉంది. మూడో రోజు నుంచి కారణాలు వెతుక్కోవడం మానేశాను. ఆయన బాధపడతాడని ఆగాను అనుకోవడం సుఖంగా ఉండేది, కాని అది నిజం కాదు. ఆయన అప్పటికే బాధపడుతున్నాడు. నేను దాచుకున్నది వేరే. నా బతుకులో ఒకే ఒక్కసారి, నేను చదివినదానికి ఆ బొటనవేలు కదిలింది. నిజం చెబితే ఆ కళ్ళు మూసుకున్న మొహాన్ని ఆయనకు తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇల్లు నెమ్మదిగా మారింది. నాయిన తనంతట తానే బీరువా తాళంచెవి మొలతాడు నుంచి విప్పి అమ్మకిచ్చాడు. "నా కాడ ఉంచకు ఇగ." వాకిలి దాటాలంటే అడిగేవాడు. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, నేను తిన్ననా?"

"అగో! ఎక్కడ తిన్నవు? ఇంక అన్నం దించలే."

"ఆకలైతుంది. గని తిన్ననేమో అనుకున్న."

ఆయనకు ఆకలి తెలుసు. ఆకలిని నమ్మడం మానేశాడు. అమ్మ పళ్ళెం పెట్టి, పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు "ఇంకో బుక్క, ఇంకో బుక్క" అంది. ముప్పై ఏళ్ళు ఊరికి మాట నేర్పినవాడు నోరు తెరిచి పెట్టించుకున్నాడు. డాక్టరు చెప్పినట్టే అయిందని పక్కింటి పుష్పమ్మతో అమ్మ చెబుతుంటే ఆయన వింటూ ఉండేవాడు. ఎవరో పరాయివాడి గురించి చెప్పుకుంటుంటే మర్యాదకు వినేవాడిలాగా.

ఆట బ్రహ్మాండంగా నడిచింది. అచ్చంపేట నుంచి కీబోర్డు వాయించేవాణ్ణి తెచ్చారు. శ్రీనాథ్ ఆ రెండు పాదాలూ ఒక్క గుక్కలో లాగేస్తే జనం లేచి ఈలలు వేశారు. మళ్ళీ అనమన్నారు, మళ్ళీ అన్నాడు. కుర్మయ్య వెనక వంతవాళ్ళ వరసలో, తలగుడ్డ లేకుండా నిలబడి పెదాలు కదిపాడు. ఆట రాసిన మాస్టరని ముందు వరసలో కూర్చున్న మా నాయినకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. నాకు కూడా చేతులు నొప్పి పుట్టాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ చప్పట్లలో సగం నేను తీసుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టి వచ్చేశాడు. "మర్సిపోయిండురా, పోయి తే," అని అమ్మ నన్ను పంపింది. శాలువా నాలుగు మూలలూ సరిగ్గా కలిపి ఉంది. ఒంటిచేత్తో అలా మడవడానికి చాలాసేపు పట్టి ఉంటుంది.

మిరుగు రోజు పొద్దున చినుకులు పడుతుంటే కుర్మయ్య వచ్చాడు. హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోతున్నాడు. ఆటోలో పెట్టె ఉంది. నన్ను పలకరించలేదు. ఆ రోజు రోడ్డు మీది మాట తర్వాత నాతో మాట్లాడలేదు. నాయిన మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"మాసన్నా, ఒక మాట జెప్పి పోత. గా పాట నువ్వు రాయలే. నీ మతి మంచిగున్నది."

నాయిన అతని మోకాలు తట్టాడు. "నా మనసు నొచ్చుతదని అంటున్నవు."

"కాదు. నిజంగ రాయలే."

"నేను అడిగిన కుర్మన్నా. పన్నెండు మంది ముందర అడిగిన. నువ్వే నాయినా అన్నడు. నా కొడుకు నాకు అబద్ధం జెప్తడా?"

కుర్మయ్య నా వైపు తిరిగాడు. నేను గొడుగు కడ్డీ ఒకటి వంకరపోతే సరిచేస్తున్నాను. దాన్నే చూస్తూ ఉన్నాను. అతని చూపు నా నుదుటి మీద ఎంతసేపు ఉందో, ఏ దెబ్బల్లో లెక్కపెట్టాలో నాకు తెలియదు. తర్వాత లేచాడు.

"పోయొస్త మాస్టరు."

"దుమ్ముల తిరగకు."

ఆటో చప్పుడు పోయింది. వాన కొంచెం పెరిగింది. అమ్మ వాకిట్లో బట్టలు తీస్తోంది. నాయిన మంచం పట్టె మీద ఎడమచేతి బొటనవేలితో దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. పాట లేదు. నోటిలోనే ఏదో అంటున్నాడు. కాసేపటికి బయటికి అన్నాడు.

"శ్రీనాథు, పదిహేడు. మంత్రి వేషం నర్సింలు, పదకొండు. నర్సింలు తమ్ముడు, పన్నెండు. పోయినేడు సచ్చిపోయిన బాలకిష్టడు, తొమ్మిది, ఎండాకాలం ఎనిమిది." ఊపిరి పీల్చుకున్నాడు. "కుర్మయ్య, ఏడు."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"అన్ని యాదికున్నయి గదరా కిరణ్." ఆయన నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. అడుగుతున్నాడు, అంతే. ఎన్నాళ్ళయినా ఎదురుచూసేలా ఉన్నాడు. "అన్ని యాదికున్నయి. మరి పదహారు ఎట్ల రాసిన?"

గొడుగు మూశాను.

"మర్సిపోయి ఉంటవు నాయినా."

ఆయన తల ఊపాడు. తర్వాత బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ కింద పెట్టి, పిడికిలి మూసుకున్నాడు.